కళ్లు మూసుకుంటేనే వచ్చే పిల్లులు

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. అక్షరాలు, ఎక్కాలు, ప్రార్థన అన్నీ తిరువూరులో మా ఇంటి వరండాలో అమ్మే నేర్పింది. ఎక్కం తప్పితే ఊరుకునేది. ప్రార్థనలో కళ్లు తెరిస్తే మాత్రం గరిటె కాడతో మోకాలి మీద ఒకటి తగిలేది. నేను కళ్లు తెరిచానని, కళ్లు మూసుకున్న అమ్మకెలా తెలిసేదో ఇప్పటికీ అర్థం కాదు.

పోయినేడు విజయవాడలో వీధి పిల్లుల్ని చేరదీసే ఒకమ్మాయి దగ్గర్నుంచి రెండు పెద్ద పిల్లుల్ని తెచ్చుకున్నాం. ఒకటి బూడిదరంగు, ఒకటి నలుపూ తెలుపూ. ఒకదాన్ని విడిచి ఒకటి ఉండదట. మనుషులంటే రెండిటికీ భయమట.

"నెల రోజులు చూడండి ఆంటీ. అప్పటికీ మీ దగ్గరికి రాకపోతే నేనే వచ్చి తీసుకెళ్లిపోతా. భయంతో బతకడం వాటికీ కష్టమే కదా" అంది.

ఇంటికొచ్చి బుట్ట తెరవగానే రెండూ బీరువా కిందికి దూరాయి. ఆ తర్వాత మా ఇంట్లో పిల్లులున్నాయనడానికి సాక్ష్యం బీరువా కింద నాలుగు కళ్లు, అంతే.

అన్నంలో చేపముక్క కలిపి బీరువా ముందు పెట్టేదాన్ని. మా ఇంట్లో ఆమెన్ అనకుండా ఎవరూ ముద్ద ముట్టరు. అలవాటుకొద్దీ పక్కనే కూర్చుని, ముసుగేసుకుని, కళ్లు మూసుకుని, ఆ ఆహారానికి స్తోత్రం చెప్పేదాన్ని. కళ్లు తెరిచేసరికి పళ్లెం ఖాళీ. ఆ నియమం వాటికి తెలియదు మరి. పాపం, నిదానంగా తిననిద్దామని ప్రార్థన పొడిగించాను. సంఘంలో జబ్బుపడ్డవాళ్లు, పత్తి చేలకు వాన, మామిడి పూత అన్నీ అందులోకి వచ్చి చేరాయి.

మావారు పెనుగొలనులో మాస్టారు. "పిల్లుల్ని కూడా సంఘంలో చేర్పిస్తావా ఏంటి?" అన్నారు.

"వాటి అన్నం కూడా ఆయనిచ్చిందేగా అండి."

"అసలు తింటున్నది అవేనా? పందికొక్కులు పట్టుకుపోతున్నాయేమో చూశావా?"

"ప్రార్థనలో కళ్లెలా తెరుస్తానండీ?"

అన్నట్టు, ఆ రోజుల్లో నా చీర అంచుకు తెగ వెంట్రుకలు అంటుకునేవి. నేల సరిగ్గా ఊడవడం లేదనుకుని పూటకు రెండుసార్లు ఊడ్చాను.

నెల తిరిగింది. ఆ అమ్మాయి ఖాళీ బుట్టతో వచ్చి, వంగి బీరువా కిందికి చూసింది. "ఇంకా ఇక్కడేనా! ఎప్పుడైనా మీ దగ్గరికొచ్చాయా ఆంటీ?"

అబద్ధం ఎలా చెప్పను? "రాలేదమ్మా."

ఆ అమ్మాయి బుట్ట మూత తీసింది. "ఈ పూటకి నన్ను పెట్టనీ అమ్మా. తర్వాత తీసుకెళ్లు" అన్నాను. రోజూ ఎగతాళి చేసే మావారు పేపరు మడిచి, వచ్చి నా వెనకాల కూర్చుని కళ్లు మూసుకున్నారు.

ఈ నెల రోజులకూ వందనాలు చెప్పాను. తీసుకెళ్లడానికి వచ్చిన ఆ అమ్మాయి మంచి మనసుకూ చెప్పాను. ఆమెన్ అని చూస్తే పళ్లెం ఖాళీ. ఆ అమ్మాయి మాత్రం గోడకానుకుని, ఫోను పట్టుకుని, నవ్వాపుకుంటోంది. తను మా సంఘం పిల్ల కాదు. కళ్లు మూసుకోవాలని చెప్పడం నేను మరిచిపోయాను.

"ఇది చూడండి ఆంటీ."

ఫోటోలో ముసుగుతో నేను. నలుపూ తెలుపుది పళ్లెం నాకుతోంది. బూడిదరంగుది నేల మీద పరుచుకున్న నా కుచ్చిళ్ల మీద ముడుచుకుని పడుకుంది, అమ్మ ఒళ్లో పడుకున్నట్టు.

"రోజూ ఇంతేనా?" అంది.

"నాకెలా తెలుస్తుందమ్మా?"

నా పిల్లుల్ని నేను తేరిపార చూసింది ఆ ఫోటోలోనే. బుట్ట ఖాళీగానే విజయవాడ బస్సెక్కింది.

ఆ సాయంత్రం పళ్లెం పెడుతుంటే మావారు, "ఇవాళ్టికి ఒక్క కన్ను తెరిచి చూసుకో. దేవుడేమీ అనుకోడు" అన్నారు.

"ఆయన అనుకోరండి. అమ్మ అనుకుంటుంది."

కళ్లు మూసుకున్నాను. కాసేపటికి కుచ్చిళ్లు ఒకవైపు కొద్దిగా లాగినట్టయింది. వందనాలు చెప్పాల్సినవి ఇంకా చాలా గుర్తొచ్చాయి. కూర చల్లారిపోతోందని మావారు రెండుసార్లు దగ్గారు. నేను మాత్రం ఆమెన్ అనలేదు.