తెర వెనక మనిషికి రుజువు

2020 డిసెంబరు మొదటి వారంలో నాకు ఆ పని అప్పగించారు. అప్పటికి చాలా ఏళ్లుగా నేను హాంబర్గ్‌లో ఉంటూ, జర్మన్ కోర్టులకూ ప్రభుత్వ కార్యాలయాలకూ తెలుగు దుబాసీగా పనిచేస్తున్నాను. మేము కోర్టులో ప్రమాణం చేసి ముద్ర పుచ్చుకున్నవాళ్లం. ఎదుటి మనిషి ఏమన్నాడో అదే చెప్పాలి. కలపకూడదు, తీసెయ్యకూడదు, మెరుగు పెట్టకూడదు. పెళ్లిళ్ల పేరయ్యలు చేసే పనికి మీది పూర్తిగా తలకిందులు అని మావారు ఎగతాళి చేసేవారు.

నన్ను పిలిపించింది హాంబర్గ్ నుంచి రైల్లో గంట దూరంలో ఉన్న ఒక పట్టణంలో విదేశీయుల అనుమతులు చూసే కార్యాలయం. దరఖాస్తుదారు పేరు ఓబులేసు. అనంతపురం జిల్లావాడు, తోలుబొమ్మలాట కళాకారుడు. అంతకు ముందటి ఏడాది ఒక చిన్న బొమ్మల నాటకశాల ఆహ్వానిస్తే, స్వతంత్ర కళాకారులకిచ్చే అనుమతి మీద వచ్చాడు. ఇప్పుడు దాన్ని పొడిగించమని అడుగుతున్నాడు.

అమెరికాలో అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ల కోసం ఒక వీసాయే ఉంది. జర్మనీలో ఆ పేరుతో ఏదీ లేదు గానీ, అడిగేది ఇంచుమించు అదే. నువ్వు నిజంగా కళాకారుడివేనా, నీ కళతో ఇక్కడ బతకగలవా, ఇంకెవరో కాకుండా నువ్వే ఎందుకు? వీటికి జవాబుగా ప్రదర్శన ఒప్పందాలు, పత్రికల సమీక్షలు, నిపుణుల అభిప్రాయాలు చూపించాలి. నాటకశాలలన్నీ మూతపడి ఉన్న చలికాలంలో ఒప్పందాలెక్కడివి? ఆ సంగతి అధికారులకూ తెలుసు. అయినా అడిగారు.

వెయిటింగ్ హాల్లో అతను నన్ను చూసి లేచి నిలబడ్డాడు. పక్కన బొమ్మల సంచీ ఉంది. దుబాసీ దరఖాస్తుదారుతో ముచ్చట్లు పెట్టుకోకూడదు. కానీ నెలల తరబడి తెలుగు వినని మనిషిని ఆపడం నా వల్ల కాలేదు.

"మాకాడ ఆటలన్నీ ఆగిపోయినాయక్కా. తమ్ముళ్లు దీపాలకి గొడుగులు చేసి అమ్ముకుంటాండారు. అవే తోళ్లు, అవే రంగులు. మేళంలో అన్ని గొంతులూ తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే మిగిలినా. ఈడ ఉంటే ఇద్దరు పిల్లోళ్లకన్నా నేర్పుతాను. ఎనక్కి పోతే నేనూ గొడుగులు చేయాల్సిందే. మా ఆట ఆడికి సరి."

అతని తండ్రి ఆ ఆగస్టులో కరోనాతో పోయాడని కూడా అప్పుడే చెప్పాడు. విమానాల్లేవు. కర్మకు వెళ్లలేకపోయాడు.

విచారణ గదిలో మాకూ అధికారికీ మధ్య ప్లాస్టిక్ పలక నిలబెట్టారు. గాలి ఆడాలని కిటికీలు తెరిచి ఉంచారు. అందరం మాస్కులతో, కోట్లు విప్పకుండానే కూర్చున్నాం. అధికారి మర్యాదస్తుడే. ఓబులేసు తరఫున ఒక జర్మన్ లాయరమ్మ వచ్చింది. చిక్కు ఎక్కడుందో ఆవిడే మొదట వివరించింది. అతని దగ్గరున్న సర్టిఫికెట్లన్నీ చేతివృత్తుల శాఖ తోలు పనికి ఇచ్చినవి. వాటిని బట్టి చూస్తే అతను కళాకారుడు కాదు, చేతిపనివాడు. చేతిపనివాడికి దారి వేరు, ఆ దారిలో ఇతనికి అనుమతి రాదు. ఫొటోలు దొంతరగా ఉన్నాయి, అన్నిటిలోనూ బొమ్మలే. ఆడించేవాడు తెర వెనక ఉంటాడు కదా!

ఇప్పుడే ఇక్కడే ఆడి చూపించనివ్వమని ఆవిడ అడిగింది. మూసిన గదుల్లో పాడటం కరోనా నియమాల ప్రకారం నిషేధమని అధికారి విచారంగా చెప్పాడు. కిటికీలు తెరిచే ఉన్నాయని ఆవిడ అంటే, అయినా ఇది గదే అన్నాడు. ఓబులేసు సంచీ మూతి మళ్లీ బిగించుకున్నాడు.

మిగిలింది ఒక వీడియో. అతను జర్మనీకి వచ్చే ముందు సొంతూళ్లో ఆడిన ఆట. తెర మీద బొమ్మలు, వెనక ఒక్క గొంతు రాజుగా గర్జిస్తుంది, ముసలమ్మగా దగ్గుతుంది, హాస్యగాడిగా వెక్కిరిస్తుంది. నేను చిన్నప్పుడు బందరులో తోలుబొమ్మలాట చూశాను గానీ ఇలాంటి గొంతు వినలేదు. అధికారి కూడా ముందుకు వంగి చూశాడు. నాకు ఆశ పుట్టింది.

ఆడిస్తూ పాడుతున్నది ఎవరని అధికారి అడిగాడు.

"మా నాయన ఆట సార్" అన్నాడు ఓబులేసు.

నేను అన్నది అన్నట్టు చెప్పాను. లాయరమ్మ వెంటనే కలగజేసుకుంది. ఆ ఆట ఆడింది అతనేననీ, తండ్రికి అప్పటికే గొంతు పోయిందనీ ఆవిడ అంది. అధికారి మళ్లీ, ఈసారి సందేహానికి చోటు లేకుండా అడిగాడు. ఆ గొంతు మీదా, మీ తండ్రిదా?

ఓబులేసు నా వైపు చూశాడు. "మా నాయన పోయి ఏడాది తిరగలేదక్కా. ఏడాది తిరిగేదాకా మా మేళంలో ఎవరాడినా, ఎప్పుడాడినా, ఆట ఆయనదే. గొంతూ ఆయనదే. నాదని చెప్పుకుంటే ఆయన్ని ఇంకోసారి చంపినట్టే. నేను చెప్పలేను."

అంతా అనువదించాను. ఇది కొన్ని కుటుంబాల్లో సూతకం లాంటి ఆచారమనీ, ఆ గొంతు తనది కాదని అతను అనడం లేదనీ చెప్పడానికి అనుమతి అడిగాను. దుబాసీకి ఆ మాత్రం వెసులుబాటు ఉంది. అధికారి శ్రద్ధగా విన్నాడు. కానీ నమోదయ్యేది దరఖాస్తుదారు మాట, దుబాసీ అభిప్రాయం కాదు. ఏడాది తిరిగేదాకా గడువివ్వమని లాయరమ్మ అడిగింది. సంతాపం గడువుకు కారణం కాదన్నాడు. ఒక్క ముక్క చెప్పు నాయనా, నాది అని ఒక్క ముక్క చెప్పు అని నా ప్రాణం కొట్టుకుంది. పైకి అనడానికి వీల్లేదు.

తిరస్కరణ జనవరిలో వచ్చింది. దాన్ని అతనికి చదివి వినిపించడానికి ఈసారి లాయరమ్మ నన్ను పిలిచింది. సమర్పించిన వీడియోలో కనబడే నైపుణ్యం ఉన్నత స్థాయిదే అని రాశారు. అయితే దరఖాస్తుదారు చెప్పిన ప్రకారమే అది ఆయన తండ్రిదనీ, తండ్రి పేరు ఫలానా అనీ, ఆయన మరణించారనీ, దరఖాస్తుదారు సొంత ప్రతిభకు రుజువు లేదనీ రాశారు. దేశం విడిచి వెళ్లాల్సిన గడువు కింద ఉంది.

అభ్యంతరం దాఖలు చేద్దామని లాయరమ్మ అంది. కనీసం అందులోనైనా ఆ గొంతు తనదని చెబుతాడా అని అడగమంది. అడిగాను. అతను అడ్డంగా తల ఊపి, "ఆ మాట ఇంకోసారి చదవక్కా, మా నాయన పేరున్న చోట" అన్నాడు. చదివాను. "ఉన్నత స్థాయి అనే రాసినారా?" అవునన్నాను. కళ్లు తుడుచుకుని, ఆ కాగితం ఇంటికి తీసుకుపోవచ్చునా అని అడిగాడు. గడువు ముగిసేలోగా దొరికిన విమానం పట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తరువాత అతని మేళం మళ్లీ ఆట ఆడిందని ఎక్కడా వినలేదు.

ఈ సంఘటన వల్ల నేను తెలుసుకున్నవి రెండు. కళాకారుడి ప్రతిభకు సాక్ష్యం అతని నోట చెప్పించకూడదు, వేరే వాళ్లచేత చెప్పించాలి. పదవీ విరమణ దాకా సలహా అడిగిన లాయర్లందరికీ ఇదే చెప్పాను. రెండోది, మాటను సరిగ్గా దాటించినంత మాత్రాన మనిషి అవతలికి దాటడు. ఆ రోజు నా అనువాదంలో ఒక్క తప్పూ లేదు.