మూల కంప్యూటర్ కింద పెట్టిన బిందె

నా వల్ల ఒక లైబ్రరీ ఒక్క మధ్యాహ్నంలో మూతపడింది. ఒక మేడం గారి ఉద్యోగం ఊడే దాకా వచ్చింది. పోలీసులొచ్చి పట్టుకుపోతారని నేను కంచంలో అన్నం కలిపి, కలిపింది కలిపినట్టే వదిలేసి లేచిపోయేను. ఏం తగలబెట్టేడో అనుకుంటున్నారా? నిప్పు కాదండీ బాబూ, తప్పంతా నీళ్లది.

మాది బుచ్చయ్యపేట. మా వీధి కుళాయికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడొస్తాయి నీళ్లు. "ఒరే, నీల్లొచ్చేసేయిరా!" అని అమ్మ కేకేసిందంటే బిందెలూ బకెట్లూ అయిపోయి, చివరికి టీ గిన్నె కూడా నింపేయాల్సిందే. తాగుతామా, పారబోస్తామా అన్నది తర్వాత సంగతి. చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిన జీవిత సత్యం అదొక్కటే: వస్తున్నప్పుడు పట్టేసుకోవాలి.

చోడవరంలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివే రోజుల్లో మా లైబ్రరీకి ఒక విదేశీ కంపెనీ వాళ్ల డిజిటల్ పత్రికలు వచ్చేయి. లెక్కలు, స్టాటిస్టిక్స్ మీద ప్రపంచంలో ఎవరేం రాసినా అందులో ఉంటుంది. కాకపోతే లైబ్రరీలోని కంప్యూటర్లలోనే తెరుచుకుంటుంది. దాన్ని పట్టుబట్టి తెప్పించింది మా లైబ్రేరియన్ సత్యవతి మేడం. ఆవిడది కాంట్రాక్టు ఉద్యోగం. మా కరస్పాండెంట్ గారు, అంటే కాలేజీ యజమాని, అందరి ముందూ అనేశారు: "ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్లు దీన్ని ఎవరూ వాడట్లేదన్నారో, ఇదీ ఉండదు, మీరూ ఉండరు." పాపం ఆవిడ క్లాసు క్లాసుకీ తిరిగి "రండర్రా, చూడండర్రా" అని బతిమాలేది. మేం క్రికెట్ స్కోరు చూసుకోడానికి వెళ్లేవాళ్లం.

ఇన్‌స్పెక్షన్ ఇంకా రెండు రోజులుందనగా మా సన్యాసిరావు, గోవాడ కుర్రాడు, నా ప్రాణస్నేహితుడు, నా చెవిలో ఊదేడు.

"ఒరే నాయుడూ, ఆల్లెల్లిపోగానే ఇది తీసెస్తారటరా."

"ఎవడు సెప్పేడు?"

"ఎవడో సెప్పేడు. అదంతా నీకెందుకు? మన ప్రాజెక్టుకి ఏటి సేస్తాం?"

అంతే. నాలో కుళాయి దగ్గర నిలబడ్డ పిల్లాడు నిద్ర లేచేడు. నెట్టులో ఎవడో పెట్టిన డౌన్‌లోడ్ ప్రోగ్రాం ఒకటి పట్టుకొచ్చి, మూల కంప్యూటర్‌కి పెన్ డ్రైవ్ గుచ్చి, "మొత్తం దింపు" అని నొక్కేను. "ఆపరాదు" అని అట్టముక్క రాసి పెట్టి మరీ భోజనానికి పోయేను. సాయంత్రం వచ్చి చూస్తే పెన్ డ్రైవ్ నిండుగా ఉంది. టీ గిన్నెతో సహా నింపేసిన వాడిలా ఈల వేసుకుంటూ బస్సెక్కేను.

మర్నాడు పొద్దున్న లైబ్రరీలో అడుగు పెట్టేసరికి సత్యవతి మేడం తెర ముందు కొయ్యబారిపోయి నిలబడింది. తెర మీద ఎర్రక్షరాలు.

"చదువు నాయుడూ. నా కళ్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చెప్పు."

చదివేను. మీ సంస్థ నుంచి అసాధారణమైన వాడకం గమనించాం, పరిమితికి మించి దింపుకుంటున్నారు, అందుచేత మీ అందరికీ ఆపేశాం అని ఉంది. మూల కంప్యూటర్ వైపు చూడకుండా ఉండడానికి తెగ కష్టపడ్డాను.

"మెయిల్ కూడా వచ్చింది. ఎవరో కనిపెట్టి, ఏం చర్య తీసుకున్నామో చెప్పమంటున్నారు. నిన్న ఆ మూల కంప్యూటర్ దగ్గర ఎవరు కూర్చున్నారు?"

"తె... తెలీదండి."

అబద్ధం కాదు సుమండీ. కూర్చోలేదు కదా, భోజనానికి పోయేను! ఈ తెలివి మాత్రం ఎప్పుడూ ఉంటుంది నాకు.

సన్యాసిరావు దగ్గరికి పరిగెత్తేను, వాడేదో ధైర్యం చెబుతాడని.

"ఫారిన్ కంపెనీ కదరా," అన్నాడు వాడు. "సైబర్ పోలీసులొస్తారేమో. ఆ పెన్ డ్రైవ్ నీ దగ్గర దొరికితే మటుకు అయిపోయేవు. నా పేరు సెప్పకు."

ఇంటికొచ్చి దాన్ని బెల్లం డబ్బాలో, బెల్లం కిందకి నొక్కేసేను. ఆ రోజు మా వీధిలో ఏ మోటార్ సైకిల్ ఆగినా నా గుండె దానికంటే ముందు ఆగేది. "ఏట్రా, అలా సెమట్లు పడతన్నాయి? జొరమా?" అని అమ్మ నుదురు పట్టుకు చూసింది. పోస్టాయన సైకిల్ బెల్లు కొట్టేసరికి నేను పెరట్లోకి దూకి గేదె వెనక నక్కేను. గేదె నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. కానీ పోలీసుల కంటే నన్ను ఎక్కువ తినేసింది మేడం ముఖం. నా మూలంగా ఆవిడ ఉద్యోగం పోతోంది.

ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున్నే వెళ్లి చెప్పేసేను. "మేడం... ఆ మూల కంప్యూటర్... నేనేనండి."

ఆవిడ కుర్చీలో కూలబడింది. "ఏం చేసేవురా! మా పాప కాలేజీలో చేరి ఇంకా నెల కాలేదురా నాయుడూ!" ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కళ్లద్దాలు తుడుచుకుని, "ఆ బెంచీ మీద కూర్చో. నేను పిలిస్తే లే, లేకపోతే ఊపిరి కూడా గట్టిగా తీయకు," అంది.

వచ్చేరు. ముందు ఇన్‌స్పెక్షన్ చేసే ముసలి లెక్కల ప్రొఫెసర్ గారు, వెనకాల కరస్పాండెంట్ గారు. "ఏదీ, తెరవండమ్మా," అన్నారు ప్రొఫెసర్. మేడం తెరిచింది. ఎర్రక్షరాలు. కరస్పాండెంట్ గారు మేడం వంక చూసిన చూపుకి బెంచీ మీద నేను సగమైపోయేను.

ప్రొఫెసర్ గారు కళ్లద్దాలు సర్దుకుని, పైకే చదివేరు. మళ్లీ చదివేరు.

"ఎవరమ్మా ఇంత వాడేసింది?"

మేడం నా వైపు చెయ్యి చూపించింది. "వాడే సార్. తర్వాత దొరకదేమోనని అన్నీ ఒకేసారి దింపేసుకున్నాడు. వాడి తప్పే, చూసుకోకపోవడం నా తప్పు."

లేచేను. లేచేనంటే, కాళ్లు లేచేయి. ప్రాణం బెంచీ మీదే ఉండిపోయింది.

ప్రొఫెసర్ గారు పకపకా నవ్వేరు! "ఎన్ని కాలేజీలు తిరిగేనో! పాస్‌వర్డ్ కూడా తెలీని లైబ్రరీలు చూశాను. పిల్లలు ఎక్కువ వాడేరని మూసేసిన లైబ్రరీని ఇదే చూడ్డం! కంపెనీకి ఉత్తరం రాయండమ్మా, తెరుస్తారు. ఇదిగో అండీ కరస్పాండెంట్ గారూ, ఈవిణ్ణి వదులుకోకండి."

"అబ్బే, వదులుతామా సార్!" అన్నారు కరస్పాండెంట్ గారు, తీసేస్తానన్న మాట తనెప్పుడూ అననట్టే.

కంపెనీ వాళ్లు మళ్లీ తెరిచేరు. మేడం ఉద్యోగం నిలబడింది. నా గ్రహచారం మాత్రం అక్కడితో ఆగలేదు. కాలేజీ వార్షికోత్సవంలో నాకు "ఉత్తమ పాఠకుడు" బహుమతి ప్రకటించేరు. చదివిన దాంట్లోంచి నాలుగు ముక్కలు వేదిక మీద చెప్పాలిట!

సన్యాసిరావూ నేనూ బెల్లం డబ్బాలోంచి పెన్ డ్రైవ్ తవ్వి తీసి, చీమలు దులిపి, తెరిచేం. మొదటి కాసిని నిజంగా వ్యాసాలే. తర్వాతది తెరిస్తే ఎర్రక్షరాలు. ఆ తర్వాతదీ ఎర్రక్షరాలే. చివరి దాకా అదే పేజీ! కుళాయి కట్టేశామని వాళ్లు బోర్డు పెడితే, ఆ బోర్డునే బిందెలు బిందెలు పట్టుకున్నానన్నమాట.

"ఒరే, దీని కోసమా గేదె ఎనకాల దాక్కున్నావు?" అని వాడు నేల మీద పడి దొర్లేడు.

వార్షికోత్సవం రోజు నన్ను మైకు ముందుకి తోసేరు. ఎదురుగా కరస్పాండెంట్ గారు. భయంతో నాకు కంఠతా వచ్చిన ఒకే ఒక్క ఇంగ్లీషు పేజీ గడగడా అప్పజెప్పేసేను. అసాధారణమైన వాడకం, పరిమితికి మించి... మొత్తం. స్టాటిస్టిక్స్‌లో ఏదో పెద్ద సిద్ధాంతం అనుకుని హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది కరస్పాండెంట్ గారే. సత్యవతి మేడం ఒక్కతే కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరిగెత్తింది.

అందుచేత సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ కుళాయి కిందా ఒక్క బిందెకి మించి పెట్టను. అదైనా, ఏం పడుతోందో వంగి చూశాకే పెడతాను. ఆ పెన్ డ్రైవ్ మీద చెయ్యేసి మరీ చెబుతున్నాను. చెయ్యి తీద్దామంటే రావట్లేదు, ఇంకా బెల్లం జిగురు పోలేదు.