మర్యాదకి గెలిచిన ఆటలు

గ్రాండ్‌మాస్టర్ బిరుదు చచ్చేదాకా ఉంటుంది. రేటింగ్‌కి ఆ విశ్వాసం లేదు. నాది కొన్నేళ్లుగా దిగుతూనే ఉంది. స్పెయిన్‌లో, సెర్బియాలో మీసాలు రాని కుర్రాళ్ల చేతిలో ఓడిపోవడం, హోటల్ గదిలో ప్యాకెట్ ఉప్మాలో వేణ్ణీళ్లు పోసుకుని తినడం, ఇదీ నా వృత్తి. నలభై దాటాక ఇంకో పని చేతకాదని తెలిసి దిగులేసేది.

ఆ రోజుల్లోనే అమలాపురంలో ఒక కల్యాణ మండపంలో చదరంగం పోటీలు పెట్టారు. ముఖ్య అతిథిగా రమ్మని ఫోన్ చేశారు. ఆడతానన్నాను.

“మీరు మాతో ఆడ్డం ఏంటండీ బాబూ!” అన్నాడు నిర్వాహకుడు, కంగారుపడిపోతూ.

నా లెక్క నాకుంది. సొంత గడ్డ మీద నాలుగు ఆటలు శుభ్రంగా ఆడగలిగితే వచ్చే నెల మళ్లీ విదేశాల పోటీకి వెళ్లాలి. లేకపోతే బోర్డు అటకెక్కించాలి. ఆ సంగతి మా ఆవిడకి ఒక్కదానికే చెప్పాను.

మండపం గేటు దగ్గర నా ఫ్లెక్సీ కట్టారు. అందులో జుట్టు నాకు ఇప్పుడున్నంత కాదు, ఒకప్పుడున్నంత. వరసగా గెలుస్తూ పోయాను. చాలాకాలానికి ఆకలి తెలిసింది, మధ్యాహ్నం పులిహోర మారు అడిగి వేయించుకున్నాను. నేను ఇంకా అయిపోలేదని అనిపించింది.

ఆఖరి రౌండులో ఎదురుగా రాజోలు నుంచి వచ్చిన లెక్కల మాస్టారు. “మీతో ఆడదామని ఆదివారం చర్చి కూడా మానేసి వచ్చేనండీ,” అంటూ రెండు చేతులూ జోడించి కూర్చున్నారు.

ఆట మధ్యలో నా రాజుని ఒక గడి పక్కకి జరిపి గడియారం నొక్కాను. నొక్కాక కనబడింది. ఆయన గుర్రం దూకితే రాజుకి చెక్, దాంతో నా మంత్రి పోతుంది. పిల్లలకి మొదట్లోనే నేర్పే ఎత్తు అది. నా చెవులు వేడెక్కాయి. ఆయన చెయ్యి గుర్రం మీదికి వచ్చింది. ముట్టుకున్న పావుని కదపాల్సిందే, అది నియమం. ఆయన ముట్టుకోలేదు. చెయ్యి గాల్లో కాసేపు ఆగి, పక్కకి వెళ్లి, బోర్డు అంచునున్న బంటుని ముందుకి తోసింది. ఆ తర్వాత నేను గెలిచాను, పోటీ కూడా గెలిచాను.

బహుమతులు ఇవ్వడం అయ్యాక ఆయన్ని వరండాలోకి తీసుకెళ్లాను.

“గుర్రం ఎత్తు చూశారా మాస్టారూ?”

“ఆయ్, చూసేనండీ.”

“మరి ఆడలేదేం?”

“మిమ్మల్ని గౌరవించుకుందామని పిలిచేరు. ఇక్కడ మిమ్మల్నే ఓడిస్తే బాగోదు కదండీ,” అన్నారు, నాకేదో మేలు చేసినట్టు నవ్వుతూ.

ఒళ్లు మండిపోయింది. “నేనేమైనా కొత్తల్లుడినా, మర్యాద చెయ్యడానికి?” అని అరిచాను. ఆయన ముఖం వాడిపోయింది.

“తప్పయిపోయిందండీ.”

“అయితే ఇప్పుడు ఆడండి. నిజంగా.”

పక్కన కుర్చీలు ఒకదానిమీదొకటి పేరుస్తుండగా మళ్లీ ఆడాం. గెలిచాను. ఎక్కడా పొరపాటు లేదు.

“ఈసారి నిజంగానే ఆడేనండీ, ఒట్టు,” అన్నారాయన. కళ్లలో అబద్ధం కనబడలేదు. కాని బంటుని తోసినప్పుడు కూడా ఆ కళ్లు అలాగే ఉన్నాయి. అంతకుముందు నాతో ఓడిన వాళ్లందరూ గుర్తొచ్చారు. అందరూ నమస్కారం పెట్టి కూర్చున్నవాళ్లే, ఓడి నవ్వుతూ లేచినవాళ్లే.

ఇంటికి వెళ్లేసరికి మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది.

“ఎలా ఆడేరండీ?”

“అన్నీ గెలిచాను.”

దాని ముఖం వెలిగిపోయింది. “అయితే సూట్‌కేసు దించనా?”

“వద్దు,” అన్నాను.

“అదేంటండీ, అన్నీ గెల్చేరు కదా?”

వాటిలో నేను నిజంగా గెలిచింది ఏదో చెప్పలేక, చెప్పులు కూడా విప్పకుండా అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాను.