ముందు కొక్కెం, తర్వాతే కళ్ళజోడు

"ఎగరడం కాదురా, పడటమే! కాకపోతే తీరుబడిగా పడటం," అంది సూదత్త, దారం పళ్ళతో తెంపుతూ.

ముప్పై ఏళ్ళుగా ఆమె, మనిషి కింద వేలాడుతూ కొండమీంచి ఎగిరే హ్యాంగ్ గ్లైడర్లకు రెక్కలు కుడుతోంది. వెనక గది నిండా నీలం గుడ్డే. మిషను ఎక్కడుందో ఆమెకే తెలియాలి. గొడుగు కుట్టించుకోవడానికి వచ్చిన బట్టతల మేనల్లుడు ఆ గుడ్డల మధ్యే చోటు చేసుకుని కూర్చున్నాడు.

"మరి పైకెలా పోతారత్తా?"

"ఎండకు నేల కాగితే వేడిగాలి లేస్తుంది. రెక్క దిగే జోరు కన్నా గాలి లేచే జోరు ఎక్కువైతే, దిగుతూనే పైకి పోతావు. కింద వేలాడుతూ ఒళ్ళు ఎటు జరిపితే అటు తిరుగుతుంది. ముందున్న కడ్డీని లాక్కుంటే వేగం, తోస్తే నెమ్మది. మరీ తోశావో, గాలి పట్టు వదిలేస్తుంది. మీ మావయ్యకు ఇవన్నీ కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం?"

మావయ్య కాలంలో రెక్కంటే వెదురుబొంగులు, ప్లాస్టిక్ పట్టా. ఊరంతా నవ్వింది. ఒకరోజు కొండ అంచున అంతా సిద్ధమయ్యాక, కళ్ళజోడు మరిచానని, తనను రెక్కకు కట్టి ఉంచే కొక్కెం విప్పి వెళ్ళాడు. వచ్చి కళ్ళజోడు పెట్టుకున్నాడు; కొక్కెం పెట్టుకోలేదు. రెక్క ఎత్తుకుని పరుగు. కడ్డీకి తడిబట్టలా వేలాడి, చెయ్యి జారి పెంటకుప్పలో పడి, దాని పుణ్యాన భుజం ఒక్కటే విరగ్గొట్టుకున్నాడు. తర్వాత అల్యూమినియం గొట్టాలొచ్చాయి, అంత తేలిగ్గా చిరగని గుడ్డ వచ్చింది, నేర్పేవాళ్ళొచ్చారు. ఇప్పుడు ఆదివారమైతే పళ్ళ డాక్టరు, బ్యాంకు గుమాస్తా, అంతా కొండమీదే. అప్పుడు నవ్వినవాళ్ళే వరసలో ముందు.

ఇవాళ ఆ వరసలో సూదత్త కోడలుంది. మొదటిసారి, ఒంటరిగా.

"నా కొడుకు బల్బు మార్చడానికి స్టూలెక్కితే కళ్ళు తిరుగుతాయంటాడు. దానికేమో కొండ కూడా చాలదు!" అని నవ్వబోయి ఆగింది. బల్ల మీద కోడలి చేతి తొడుగులు. హెల్మెట్ కోసం ఇందాకే సగం దారి నుంచి వెనక్కొచ్చి వెళ్ళిన మనిషి.

సూదత్త తన మోకాళ్ళ వంక చూసుకుంది. గుమ్మం దాకా నడవడానికే అవి బేరమాడతాయి.

"నేర్పే ఆయన చూసుకుంటాడులే అత్తా."

"ఆయనకున్నవీ రెండు కళ్ళేగా! మీ మావయ్యను పంపుదామంటే, రెక్క కనపడగానే తనే కట్టేసుకుంటాడు. నువ్వే వెళ్ళు. కొక్కెం తగిలించుకోక ముందైతే తొడుగులివ్వు. తగిలించుకుందా, జేబులో దాచెయ్, చేతులు బొబ్బలెక్కినా సరే; వాటికోసం మళ్ళీ కొక్కెం విప్పిందంటే మీ మావయ్య కథే. రెక్క కింద దాన్ని వేలాడమని, కాలు పట్టి గట్టిగా లాగి, కొక్కెం పట్టిందో లేదో చూడు. తిడుతుంది. తిట్టనీ. ఆ తర్వాతే పరిగెత్తమను. లే, నీ గొడుగు ఎక్కడికీ పోదు!"