పాటలెక్కించిన పెళ్లి క్యాసెట్టు

దయ్యాల ముచ్చట్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఏ చప్పుడు వచ్చినా దాని వెనక ఒక వైరు ఉంటుందని నా నమ్మకం. వనపర్తిలో పెళ్లి వీడియోలు తీసి బతికినవాణ్ణి మరి, వైర్లను నమ్మక ఇంకేం నమ్మాలి? ఈ సంగతి ఎత్తితే మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. నవ్వనీ. జరిగింది జరిగినట్టు చెబుతాను.

రెండు వేల ఎనిమిదో, తొమ్మిదో. వీసీఆర్లు మూలపడి, ఊళ్లన్నిటికీ సీడీ ప్లేయర్లు వచ్చేశాయి. పాత పెళ్లి క్యాసెట్లను సీడీలుగా మార్చిస్తే గిరాకీ ఉంటుందని హైదరాబాద్ కోఠికి వెళ్లాను.

క్యాసెట్టు పెడితే నేరుగా డిస్కు చేసిచ్చే రికార్డరు ఉంది. చూస్తే మనసు లాగింది, ధర వింటే కాళ్లు వెనక్కి లాగాయి. యూఎస్‌బీకి గుచ్చే చిన్న డబ్బా చవకే. కానీ నేను ఊరికే కొనే రకం కాదు, వెంట తీసుకెళ్లిన ఒక పెళ్లి క్యాసెట్టు అక్కడే పెట్టి చూపించమన్నాను. పది నిమిషాలు గడిచేసరికి పంతులుగారి మంత్రం ముందు వస్తోంది, నోరు తర్వాత కదులుతోంది. ఛీ, ఇది పెళ్లికి పనికిరాదన్నాను.

చివరికి కంప్యూటర్ లోపల బిగించే మామూలు కార్డు కొన్నాను. అది బొమ్మను మాత్రమే తీసుకుంటుంది. శబ్దం కావాలంటే వీసీఆర్ నుంచి ఇంకో వైరు తెచ్చి కంప్యూటర్ వెనక గుచ్చాలి. మిగిలిన డబ్బుతో వీసీఆర్‌లో టేపును చదివే హెడ్డు కొత్తది వేయించాను. ఎంత మంచి కార్డు కొన్నా, హెడ్డు అరిగిందంటే తెర మీద చుక్కలే కనిపిస్తాయి.

బోర్డు పెట్టిన వారానికే గోపాల్‌పేట వైపు నుంచి అనసూయ అనే ఆమె తన పెళ్లి క్యాసెట్టు పట్టుకొచ్చింది. ఆ పెళ్లి వీడియో తీసింది నేనే. కెమెరా పట్టుకున్న కొత్తలో. ఆమె పెళ్లయిన మరుసటేడే వాళ్లమ్మ చనిపోయిందట. అప్పటికి తమ్ముడు చంకపిల్లాడు. ఇప్పుడు వాడి పెళ్లి కుదిరింది.

"అన్నా, మా తమ్మునికి అమ్మ గొంతు ఎట్లుంటదో తెల్వదు. నా లగ్గంల అమ్మ పాట పాడింది, యాదికుందా? వాని లగ్గం అయ్యేలోపట జర ఇనిపియ్యాలె" అంది.

ఇరుక్కుపోయాను. ఎందుకంటే ఆ క్యాసెట్టులో వాళ్లమ్మ గొంతు లేదు. అప్పట్లో మా పద్ధతి అది. తాళి కట్టే మంత్రాలు వదిలేసి, మిగతా పెళ్లంతా అసలు శబ్దం చెరిపి సినిమా పాటలు ఎక్కించేవాళ్లం. పాటలు లేకపోతే జనం ఇదేం వీడియో అనేవారు. కెమెరాలోని అసలు క్యాసెట్టు మీద మళ్లీ ఇంకో పెళ్లి తీసేవాళ్లం. అంటే ఆ గొంతు లోకంలో ఎక్కడా మిగల్లేదు. చెరిపింది నా చేతులే. ఆమె మొహం చూసి ఆ మాట చెప్పలేకపోయాను. సరేనమ్మా అన్నాను, పిరికివాణ్ణి.

మరునాడు పొద్దున పదకొండింటికి క్యాసెట్టు వేశాను. అందులోని సినిమా పాటలు సాగిపోయి మూలుగుతున్నాయి. ఎలాగూ కొత్తవి ఎక్కిద్దామని శబ్దం వైరు పీకి బల్ల మీద పెట్టాను. బొమ్మ ఒక్కటే ఎక్కింది.

తర్వాత కత్తిరింపులు చేద్దామని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిచాను. చంకలో పిల్లాణ్ణి ఎత్తుకుని వాళ్లమ్మ తెర మీదికి వచ్చింది. నోరు తెరిచింది. స్పీకర్లో పాట!

"వియ్యపురాలొచ్చిందంట, విడిదింట్ల దాగిందంట, బూరెల వాసనకు గంప మీద పడ్డదంట..."

వెనక ఆడవాళ్ల నవ్వులు, ఒక చంటిపిల్లాడి ఏడుపు. పెదాలకీ గొంతుకీ వెంట్రుకంత తేడా లేదు. పక్క దుకాణం టైలరు మిషను ఆపి గడపలోకి వచ్చాడు. "ఎవలన్నా గామె? గంత జోర్గ పాడుతుంది!" అన్నాడు. కాబట్టి విన్నది నేనొక్కణ్ణే కాదు.

వైరు చూశాను. బల్ల మీదే ఉంది. క్యాసెట్టు మళ్లీ టీవీలో వేస్తే అవే సినిమా పాటలు, అదే మూలుగు. అలాగే వైరు లేకుండా రెండోసారి ఎక్కించి చూస్తే ఫైలు మూగది. ఆ మొదటి ఫైల్లో మాత్రం అమ్మ పాడుతూనే ఉంది. భయం వేయలేదు. నిజం చెప్పొద్దూ, పట్టలేనంత సంతోషం వేసింది. టైలరుకి టీ తెప్పించి, ఇద్దరం మూడుసార్లు విన్నాం.

సాయంత్రం అనసూయ తమ్ముణ్ణి తీసుకొచ్చింది. పాట మొదలయ్యాక వాడు తెరకు దగ్గరగా జరిగాడు. "గా ఏడ్చేది నేనేనా అక్కా?" అని అడిగాడు. తర్వాత కళ్లు తుడుచుకుంటూ పకపకా నవ్వాడు. "మల్లొకపారి పెట్టన్నా" అంటూ చీకటిపడేదాకా కదల్లేదు. వాడి పెళ్లి పందిట్లో టీవీ పెట్టి ఆ సీడీ వేస్తే, కొత్త వియ్యపురాలు కూడా నవ్వలేక నవ్వలేక నవ్విందట.

కోఠిలో కార్డు అమ్మినవాణ్ణి అడిగాను. నాకు తెలిసిన మెకానిక్కులందర్నీ అడిగాను. వైరు లేకుండా శబ్దం రాదన్నారు, చెరిపిన గొంతు అసలే రాదన్నారు. అది నాకూ తెలుసు.

పెళ్లయ్యాక అనసూయ బూరెలు పట్టుకుని దుకాణానికొచ్చింది. ఇక దాచలేక చెప్పేశాను. "తప్పయిందమ్మా. మీ అమ్మ గొంతు చెరిపింది నేనే. మల్ల ఎట్లొచ్చిందో నాకు తెల్వదు" అన్నాను.

ఆమె ఫక్కున నవ్వింది.

"నువ్వేంది అన్నా చెరిపేది! మా నాయినతోనే కాలే, మా అమ్మ నోరు ఆపనీకె."

ఇన్నేళ్లయినా, ఇంతకన్నా నమ్మదగిన జవాబు నాకు దొరకలేదు.