బట్టల కంపెనీ షేర్లు, ఏసీలో మిరపకాయలు

మా ముత్తాత ఊరికి మునసబు. తాత చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లు పెట్టాడు. ఆయన ధర చెప్పనిదే చుట్టుపక్కల ఊళ్లలో పత్తి బండి కదిలేది కాదు. నాన్న గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేశాడు. ఆయన వస్తుంటే కొట్లవాళ్లు లేచి నిలబడటం నేను కళ్లారా చూశాను. మిల్లు నా చిన్నప్పుడే పోయింది. కమిషన్ కొట్టు నాన్నతో పోయింది. నా దాకా వచ్చినవి సాగర్ కాలువ కింద రెండెకరాల చేనూ, కొంత రొక్కమూ.

ఆ రొక్కం పెట్టి ఒక బట్టల దుకాణాల కంపెనీ షేర్లు కొన్నాను. అప్పట్లో వాళ్లు ఊరూరా కొట్లు తెరుస్తున్నారు. గుంటూరులో మా వీధి చివరే రెండంతస్తులది తెరిచారు. పండగ రోజుల్లో బిల్లు కట్టడానికి కూడా వరుసలో నిలబడాల్సి వచ్చేది. అలాంటి కంపెనీ షేరు ఏడాది తిరిగేసరికి సగానికి పడింది.

నేను కంగారు పడలేదు. యార్డులో కాయ ధర పడిపోయిన ఏడు మా నాన్న మిరపకాయల టిక్కీలన్నీ, అంటే బస్తాలన్నీ, కోల్డ్ స్టోరేజీలో (యార్డువాళ్లు ఏసీ అంటారు) పెట్టించి నిశ్చింతగా ఇంటికొచ్చేవాడు. పక్కవాళ్లు తెగనమ్ముకుంటుంటే వాళ్ల సరుకు కూడా తనే కొనేవాడు. మరుసటి ఏడు ఎక్కడో తోటలకు పురుగు పట్టేది, ధర లేచేది. నేనూ అదే చేశాను. సగం ధరకు మరికొన్ని షేర్లు కొన్నాను. ఆ సగమూ సగమైంది. మూడు నెలలకోసారి కంపెనీవాళ్లు వచ్చే పండక్కి అమ్మకాలు పుంజుకుంటాయని చెబుతారు. ఏ పండగో చెప్పరు.

ఈలోగా మా ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. రెండింటికీ ఆపరేషన్ చేయాలన్నాడు డాక్టరు. షేరు కాస్త లేవగానే చేయిద్దామన్నాను. ఆమె సరేనని, వాకిట్లో మెట్టు దిగడానికి గోడ పట్టుకుంటూ రోజులు నెట్టింది.

ఒక సాయంత్రం వీధి చివర మా కొట్టుకు వెళ్లాను. దాన్ని మా కొట్టనే అనేవాణ్ణి. పై అంతస్తుకు వెళ్లకుండా తాడు అడ్డం కట్టేశారు. కింద జనం లేరు. ఇద్దరు అమ్మాయిలు మడత పెట్టిన చొక్కాలనే మళ్లీ మడత పెడుతున్నారు. నాకు ఒళ్లు మండింది. బోర్డు మీద సగం లైట్లు వెలగడం లేదని మేనేజరును నిలదీశాను.

"పైవాళ్లకు మెయిలు పెట్టండి సార్" అన్నాడు.

ఒక తెల్ల చొక్కా కొనుక్కుని ఇంటికొచ్చేసరికి మా బావమరిది ఉన్నాడు. ఇప్పుడు యార్డులో అతనిదీ కమిషన్ కొట్టే. చేతిలో సంచి చూసి నవ్వాడు.

"మళ్లీ చొక్కానా బావా? నువ్వొక్కడివే కొంటా ఉంటే కంపెనీ లేచిద్దా?"

"ధర లేనప్పుడు అమ్ముకునేది చేతగానివాడురా. మీ యార్డులో మీరు చేసేదేంటి?"

"కాయ రెండేళ్లు ఏసీలో ఉన్నా కారం కారమే. జనం కూర వండటం మానరు. నీ కొట్టుకి రావటం మానేశారుగా. దాన్ని ఏ ఏసీలో పెడతావు?"

జవాబు చెప్పబోతుంటే గేటు దగ్గర బండి ఆగింది. మా ఆవిడ పేరు మీద పార్శిల్. ఫోనులో రెండు చీరలు తెప్పించుకుంది.

"మన కొట్టు ఉండగా ఇదేంటి?" అన్నాను.

"ఆ కొట్టుకి మెట్లున్నాయి కదండీ. ఇదైతే కూర్చున్న చోటికే వచ్చిద్ది."

బావమరిది ఈసారి నవ్వలేదు. అతను వెళ్లాక ఆమె నెమ్మదిగానే అంది. "షేర్లన్నా అమ్మండి, చేనన్నా అమ్మండి. నాకేదైనా ఒకటే. ఇంక ఆగటం మాత్రం నా వల్ల కాదు."

షేర్లు అమ్మితే వచ్చేది ఒక మోకాలికి కూడా చాలీ చాలనంత. ఉన్నవన్నీ ఆ ధరకు ఎవడో ముక్కూమొహం తెలియనివాడికి వదిలేయడానికి నాకు చెయ్యి రాలేదు. చేనుకైతే ధర ఉంది. ధర ఉన్నదాన్ని తలెత్తుకుని అమ్మవచ్చు.

ఆపరేషన్ గుంటూరులోనే అయింది. ఆమె ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తోంది. వీధి చివర కొట్టు మూసేశారు. షేర్లు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. చేను రెండెకరాలూ పక్క రైతుకు అమ్మేశాం.