హేమమ్మ పుస్తకంలో నేను రాసిన వరుస

పోయిన వారం కుందలహళ్ళిలో మా అమ్మాయి ఇంటి నుంచి తిరిగి వస్తూ బస్సు కోసం నిలబడి ఉంటే, చెరువు పూడిక తోలుకుపోతున్న లారీ ఒకటి నా ముందే ఆగింది. కప్పిన పట్టా కింది నుంచి నల్లటి నీళ్ళు కారుతున్నాయి. కుళ్ళిన వేళ్ళు, నత్తగుల్లలు, పాచి అన్నీ కలిసిన వాసన. పక్కనున్న ఆఫీసు పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం లారీ కదిలేదాకా ఆ వాసన పీలుస్తూనే ఉన్నాను. హేమమ్మ గుర్తొచ్చింది. ఆమె పోయి రెండేళ్ళు దాటింది. పేపర్లో ఆమె ఫోటో రాలేదు, ఆమె పేరున ఒక బెంచీ అయినా లేదు. చెరువు ముందు నిలబడి ఒక మొక్క నాటి, పది ఫోటోలు దిగి, కార్లెక్కి పోయే పెద్దమనుషులకు మాత్రం ఈ ఊళ్ళో కొదవ లేదు. ఆ మంట కొద్దీ రాస్తున్నాను ఇది.

నగర్తపేటలో ఒక అచ్చాఫీసులో నలభై ఏళ్ళు అక్షరాలు కూర్చినవాణ్ణి నేను. బడిలో చదివింది ఐదో తరగతి. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడూ సీసపు అక్షరాలు పట్టుకునే నేర్చుకున్నాను. అచ్చాఫీసు మూతపడ్డాక ఇంట్లో కూర్చుని గోడలతో పోట్లాడుతున్న రోజుల్లో, కన్నడ పేపర్లో చిన్న ప్రకటన కనబడింది. ఆనేకల్ దగ్గర ఒక చెరువును చూసుకునే చిన్న సంస్థలో మూడు నెలల ఇంటర్న్‌షిప్. పక్షులను గమనించి రాయాలి, బడిపిల్లలు వస్తే వాళ్ళకు చెరువును చూపించాలి. వయసు ఇంత ఉండాలని రాయలేదు. రాయలేదు కాబట్టి వెళ్ళాను. అక్కడంతా కాలేజీ పిల్లలు. “అంకుల్, మనవణ్ణి చేర్పించను వచ్చినారా?” అన్నాడొకడు. “మా మనవడికి ఇంకా పళ్ళు రాలేదప్పా. నీకు వచ్చినట్టుండాయే” అన్నాను. చెట్టు కింద కాగితాలు సర్దుకుంటున్న ఒక ఆడమనిషి గట్టిగా నవ్వింది. నలభై దాటని మనిషి, బురద అంటిన ప్యాంటు, తలకు చుట్టుకున్న నేత తువ్వాలు. ఆ సంస్థను నడిపేది ఆమే, హేమమ్మ. ఆనేకల్ నేతగాళ్ళ ఇంటి బిడ్డ.

“ఏం చదివినావు మామా?”

“ఐదు. ఆ పైన ప్రెస్సులో కూర్చినవన్నీ చదివినా.”

“అట్లయితే మా అందరికన్నా ఎక్కువే చదివినావు. సోమవారం పొద్దున ఆరుకి వచ్చేయ్.”

మొదటి శనివారమే ఆమెతో పేచీ వచ్చింది. సర్కారు బడి పిల్లలు వచ్చారు. నీలం ఒళ్ళు, ఎర్ర ముక్కు ఉన్న నీటికోడి ఒకటి జమ్ములోంచి బయటికి వస్తే, నాకు తెలిసిన మూడు భాషల్లో దాని పేరు చెప్పి, తిండి, గూడు, గుడ్లు అంటూ అందుకున్నాను. హేమమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. “సాకు మామా, చాలు. పేరు చెప్తే తెలిసిపోయిందనుకుని బిడ్డలు తల తిప్పేస్తారు. సుమ్నె, ఊరికే చూడనీ.” నాకు ఒళ్ళు మండింది. “చెప్పకుండా ఎట్ల తెలుస్తాది?” అన్నాను. “నీకు ఎవరు చెప్పినారు మామా?” అంది. ఎవరూ చెప్పలేదు. వెళ్ళి పిల్లల వెనక కూర్చున్నాను. అరగంట తర్వాత రెండు జడల పిల్ల ఒకతె గుసగుసగా అంది: “మిస్, దాని కాలివేళ్ళు చానా పొడుగు ఉండాయి. ఆకుల మీద నడుస్తా ఉండాది, మునగలేదు.” ఆ పక్షి గురించి నేను అక్షరాలు కూర్చిన పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. దాని కాళ్ళ వైపు మాత్రం ఆ రోజే మొదటిసారి చూశాను. మూడు నెలలకని వెళ్ళినవాణ్ణి అక్కడే ఉండిపోయాను.

హేమమ్మ దగ్గర ఒక పెద్ద నోటుబుక్కు ఉండేది. తలా ఒక ఒడ్డు పంచి ఇచ్చింది. రోజూ మన ఒడ్డుకు వెళ్ళి, ఏ వేళకు ఏం కనబడింది, ఎన్ని, గూడు ఉందా లేదా, ఒక వరుసలో రాయాలి. “కండ్లతో చూసింది రాయండి. పోకపోతే పోలేదని రాయండి, అది కూడా ఒక సంగతే” అనేది ప్రతి బ్యాచ్‌కూ. అవతలి ఒడ్డున ఉన్న దట్టమైన జమ్ము నాది. నీటికోళ్ళు గూళ్ళు కట్టేది అందులోనే. ఆ ఏడు చెరువును అందంగా చేస్తామని పై ఆఫీసు వాళ్ళు బయల్దేరారు. జమ్మంతా పీకి, పూడిక తీసి, చుట్టూ రాళ్ళ బాట వేస్తారట. జమ్ము ఉన్న వైపు వదిలిపెట్టమని హేమమ్మ అర్జీ పెట్టింది. అక్కడ పక్షులు గూళ్ళు కడతాయనడానికి వచ్చే నెల మీటింగులో ఆధారం చూపించమన్నారు. “మనకు ఉండే ఆధారం ఈ పుస్తకమే మామా” అంది.

మీటింగుకు పది రోజుల ముందు పెద్ద వాన పడింది. నా మోకాలు వాచింది, ఆ పొద్దున వెళ్ళలేదు. మర్నాడు పుస్తకం తెరిస్తే నా వరుస ఖాళీగా కనబడింది. అచ్చాఫీసులో ఒక గడి ఖాళీగా పోతే మా మేస్త్రీ వేళ్ళ మీద కొట్టేవాడు. నలభై ఏళ్ళ అలవాటు. చెయ్యి ఊరుకోలేదు. వానకు ముందు రోజు చూసిందే రాశాను: ఆరూ నలభై, రెండు పక్షులు, గూడు ఉంది. ఉండే గూడే కదా, అబద్ధం ఏముంది అనుకున్నాను.

మీటింగులో కాంట్రాక్టరు మనిషి ఆ పేజీ మీద వేలు పెట్టి, సెల్‌ఫోను తీసి అందరికీ చూపించాడు. “ఆ పొద్దున కాలువ పొంగి అవతలి దారంతా నడుము లోతు నీళ్ళు. ఇదిగో ఫోటో. మీ మనిషి ఈదుకుంటా పోయినాడా మేడమ్?” అందరూ నవ్వారు. హేమమ్మ ఆ వరుస చూసింది. పక్కనే కూర్చున్న నా వైపు చూడలేదు.

“పుస్తకం నాది సార్, తప్పూ నాదే. ఆ ఒక్క వరుస కొట్టేసి మిగతావి చూడండి.”

“ఒకటి చూడకుండా రాసినప్పుడు మిగతావి చూసి రాసినారని ఎట్లా నమ్మేదమ్మా?” అని అధికారి పుస్తకం మూసేశాడు. జీవితమంతా అధికారుల మీద కోప్పడుతూ బతికినవాణ్ణి. ఆ రోజు కోప్పడటానికి నాకు మనిషి దొరకలేదు. ఆయన అడిగినదాంట్లో తప్పేముంది?

నాలుగో రోజు జేసీబీ దిగింది. జమ్ము వేళ్ళతో సహా లేచి లారీల్లోకి వెళ్ళింది. గుడ్లు కూడా వెళ్ళి ఉంటాయి. ఒక నీటికోడి బురద మీద అటూ ఇటూ పరుగెత్తుతూ అరుస్తోంది. కట్ట మీద హేమమ్మ పక్కన నిలబడి, “అమ్మా, ఆ వరుస...” అన్నాను.

“తెలుసు మామా. అచ్చు గుద్దినట్ల ఇంకెవరు రాస్తారు?”

“అక్కడే చెప్పుండొచ్చు కదా, ఈ ముసలోడు రాసినాడని!”

“చెప్తే నువ్వు మళ్ళా ఇటు దిక్కు వస్తావా? జమ్మూ పోయి, నువ్వూ పోయి, నేనేం చేసుకోను?” తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి దులుపుతూ అంది: “ఒకటి చెయ్. కొత్త బిడ్డలు వస్తారు కదా, వాళ్ళకు ఈ సంగతి నువ్వే చెప్పు.”

సరేనన్నాను. మూడు బ్యాచ్‌లు వచ్చాయి. మొదటి రోజు పుస్తకం గురించి చెప్పే సమయానికి ఆమె నా వైపు ఒక్కసారి చూసేది. నేను గొంతు సవరించుకుని, టోపీ సరిచేసుకుని, పక్షి బొమ్మలు ఎక్కడున్నాయో వెతికేవాణ్ణి. ఆమె వేరే మాటలోకి వెళ్ళిపోయేది. తర్వాత ఆమెకు కామెర్లు ముదిరాయి. ఆస్పత్రిలో చూడటానికి వెళ్ళినప్పుడు, “సోమవారం కొత్తోళ్ళు వస్తా ఉండారమ్మా, ఈసారి చెప్తా” అన్నాను. పచ్చబడిన కళ్ళు తెరిచి, “ఎన్నింటికి వస్తారు?” అంది. ఆరింటికన్నాను. “చలిగా ఉంటాది మామా, బిడ్డలకు టీ తాపించు” అంది. అంతే. శుక్రవారం పోయింది.

సోమవారం వచ్చిన కొత్తవాళ్ళు తొమ్మిది మందికీ టీ ఇప్పించి, జమ్ము ఉండిన చోట వేసిన రాళ్ళ బాట మీద నిలబెట్టి, చేసింది చెప్పాను. ఒకమ్మాయి అడిగింది: “మేడమ్ మిమ్మల్ని ఏమీ అనలేదా సార్?” అనలేదన్నాను. అనేసి ఉంటే నేనూ రెండు మాటలు అని, పోట్లాడి, ఎప్పుడో తేల్చుకుని ఉండేవాణ్ణి. నా జన్మలో పోట్లాడి తేల్చుకోలేకపోయిన మనిషి ఆమె ఒక్కతే. ఆ తర్వాత వచ్చిన ప్రతి బ్యాచ్‌కూ చెబుతున్నాను. ఒకబ్బాయి విని మర్నాడు రావడం మానేశాడు, వాడి మీద కూడా నాకు కోపం రాలేదు. అందరికీ చెబుతున్నాను. విని తీరవలసిన మనిషి మాత్రం వాళ్ళలో ఉండదు.